నంబరు ఉంటే బీమా ఉన్నట్టేనా?

దవఖాన కౌంటర్ కాడ మనోళ్లను ఎనుకకు పంపే మాటలు శానా ఉన్నయి. బెడ్లు లేవంటరు, సర్వర్ డౌన్ అంటరు, కార్డుల పేరు ఆధార్ ల పేరు కలుస్తలేదంటరు. వీటన్నిటికి మనం అలవాటు పడ్డం. రెండు మూడేండ్ల సంది నా కాడికొచ్చే కేసులల్ల ఇంకో మాట ఎక్కువ వినవడుతున్నది. "మీకు వేరే ఇన్సూరెన్స్ ఉన్నది గదా, ఇక్కడ వర్తించదు."

సర్వర్ డౌన్ అంటే మనిషి రేపొస్త అని కూసుంటడు. బెడ్ లేదంటే ఇంకో దవఖాన చూస్తడు. ఈ మాట విన్నోడు మాత్రం తన మీద తనే అనుమానపడుతడు. ఉన్నదేమో? ఎన్నడో ఏ కాయితం మీదనో ఏలిముద్ర ఏసిన్నేమో? బ్యాంకుల యాడాదికోసారి 436 రూపాయలు కట్ అయితున్నయి, గదేనేమో? గిట్ల అనుకుంట లేచి బయటికొస్తడు. వచ్చి ఎవరికో ఫోన్ చేసి మిత్తికి పైసలడుగుతడు.

ముందుగాల ఆ 436 సంగతి తేల్చుకుందం. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మనిషి సచ్చిపోతే ఇంటోళ్లకు 2 లక్షలు వచ్చేది. 20 రూపాయలు కట్ అయ్యేది సురక్ష బీమా, అది యాక్సిడెంట్ ది. రైతు బీమా సుత రైతు సచ్చిపోతే ఇంటోళ్లకు 5 లక్షలిచ్చేదే. ఈ మూడిట్ల ఒక్కటి గూడ దవఖాన బిల్లు కట్టదు. వీటిని చూపెట్టి ఎవరన్న "మీకు ఇన్సూరెన్స్ ఉన్నది" అంటే అది తప్పు మాట. ఇంట్ల ముసలోళ్లకు పాస్ బుక్ తీసి, ఏ కటింగ్ దేనిదో మీరే చెప్పాలె.

ఇగ అసలు రూలు కాడికొద్దం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1 నాడు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలల్ల మొదలైంది. కొడంగల్ అప్పుడు పాలమూరు జిల్లాల ఉండె కాబట్టి అక్కడోళ్లకు మొదటి విడతల్నే వచ్చింది. తాండూరు, వికారాబాద్ రంగారెడ్డి జిల్లాల ఉండె, మనకు తర్వాత వచ్చింది. 2023 డిసెంబర్ 9 నాడు, ఇంటికి 5 లక్షలున్న పరిమితిని 10 లక్షలు చేసిన్రు. పేదోళ్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఇది హక్కు. అయితె మొదటి సంది ఇండ్ల ఒక మినహాయింపు ఉన్నది. సీజీహెచ్ఎస్, ఈఎస్ఐ, రైల్వే, ఆర్టీసీ అసొంటి వేరే పథకం కింద అదే జబ్బుకు వైద్యం దొరికేటోళ్లకు ఆరోగ్యశ్రీ వర్తించదు.

ఈ వాక్యం ఇంకోసారి సదువుండ్రి. "వైద్యం దొరికేటోళ్లకు" అని ఉన్నది. నంబరు ఉన్నోళ్లకు అని లేదు, ఎన్నడో కార్డు తీసుకున్నోళ్లకు అని లేదు. ఇయ్యాల, ఈ జబ్బుకు, ఆ పథకం కింద పోతే వైద్యం చేస్తరా లేదా అన్నదే లెక్క. కౌంటర్ కాడ జరిగే తప్పు శానవట్టుకు ఇక్కడనే ఉంటది. పాత నంబరు కనవడంగనే బీమా నడుస్తున్నట్టు లెక్కేస్తరు.

ఇది మన దిక్కు ఎందుకు ఎక్కువ ఎదురైతదో చెప్త. తాండూరు సుట్టూ నాపరాతి గనులు, బండల పాలిష్ యూనిట్లు, సిమెంట్ ఫ్యాక్టరీలు, కందిపప్పు మిల్లులు. వానకాలం కంది, పత్తి పెట్టేటోడే ఎండకాలం పాలిష్ మిషిన్ కాడ నిలవడుతడు. ఒక యాడాది యూనిట్ మూతపడితే రైలెక్కి హైదరాబాద్ పోయి అపార్ట్‌మెంట్ గేటు కాడ సెక్యూరిటీ డ్యూటీ చేస్తడు. వికారాబాద్ స్టేషన్ల పొద్దుగాల నిలవడి చూడుండ్రి, టిఫిన్ డబ్బా పట్టుకొని ఎక్కేటోళ్లల్ల సగం మంది గీ తీరు కొలువులోళ్లే అనిపిస్తది. పని జేసిన ప్రతి కాడ, యజమాని రూలు పాటిస్తే ఈఎస్ఐ కట్ అయితది. పని పోతది, మనిషి ఊరికొస్తడు, నంబరు మాత్రం రికార్డుల అట్లనే ఉంటది.

ఈఎస్ఐ అంటే ఏందో తెల్వని పిలగాండ్ల కోసం కొంచెం వివరంగ చెప్త, ఎందుకంటే మొత్తం చిక్కు ఇక్కడనే విడిపోతది. 1948 చట్టంతోని మొదలైన పథకం అది. పది మంది, అంతకు ఎక్కువ పనోళ్లున్న ఫ్యాక్టరీకి వర్తిస్తది. నెలకు 21,000 దాంక జీతం ఉన్నోళ్లందరు దాని కిందికొస్తరు. జీతంల నూటికి 75 పైసలు మన కెల్లి కట్ చేస్తరు, 3 రూపాయల 25 పైసలు యజమాని కట్టాలె. 12,000 జీతమైతే మనయి 90, ఆయనయి 390. దీని మీద మనకు, ఇంటోళ్లకు వైద్యం. ఇంత ఖర్చు దాంకనే అన్న పరిమితి కూడ లేదు.

చందా కట్టే కాలం, వైద్యం దొరికే కాలం వేరు వేరు. ఏప్రిల్ సంది సెప్టెంబర్ దాంక కట్టిన చందాకు మళ్లొచ్చే జనవరి 1 సంది జూన్ 30 దాంక అక్కెర ఉంటది. అక్టోబర్ సంది మార్చి దాంక కట్టినదానికి ఆ జులై 1 సంది డిసెంబర్ 31 దాంక. ఆ ఆరు నెలలల్ల కనీసం 78 రోజుల చందా పడి ఉండాలె. అంటే 2024 ఆగస్టుల పని మానేసినోడికి, రోజులు సరిపోతే, 2025 జూన్ 30 దాంక ఈఎస్ఐ నడుస్తనే ఉంటది. జులై 1 నాడు ఉండదు. ఒక్క రోజు తేడాతోని మనిషి ఒక పథకంల కెల్లి ఇంకో పథకంలకు మారుతడు. అందుకే నా కాడికి ఎవరొచ్చినా మొదలు అడిగేది "ఆఖరి చందా ఏ నెలల పడ్డది?" అనే. ఆ నెల తెలిస్తే జూన్ 30 ఆ, డిసెంబర్ 31 ఆ అన్నది ఏళ్ల మీద లెక్కవెట్టొచ్చు.

నంబరు మాత్రం ఎన్నటికి పోదు. ఈఎస్ఐల మనిషికి జీవితమంతా ఒకటే నంబరు, పదంకెలది. పని మారినా, మానేసినా అదే. బ్యాంకు ఖాతా లెక్క అనుకోండ్రి. ఖాతా ఉన్నంత మాత్రాన అండ్ల పైసలున్నట్టు కాదు గదా.

2024 వానకాలంల జరిగిన ఒక కేసు చెప్త. యాలాల దిక్కు ఊరు, తాండూరుల బండల పాలిష్ చేసిన అన్న. 2022 ఫిబ్రవరిల పని బందువెట్టి రెండెకరాల కంది మీద వడ్డడు. ఒక పొద్దు ఛాతిల నొప్పి లేస్తే తాండూరు సర్కారు దవఖానకు తీస్కపోయిన్రు. అక్కడ ఈసీజీ తీసి, గుండెకు సంబంధించింది, హైదరాబాద్ పొమ్మన్నరు. పోయిన ప్రైవేటు దవఖానల ఆరోగ్యశ్రీ ఉన్నది. స్టెంట్ ఏయాలన్నరు. ఇంటి కాయితాలన్ని ఒకటే ప్లాస్టిక్ కవర్ల పెట్టుకునే అలవాటు మనది. వదిన ఆ కవర్ మొత్తం కౌంటర్ మీద పెట్టింది. రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు, వాటి నడుమ నలిగిన ఈఎస్ఐ కాయితం. కౌంటర్ పిలగాడు దాన్నే తీసిండు. "ఈఎస్ఐ ఉన్నది గదమ్మా, సనత్ నగర్ పోండ్రి. ఇక్కడనే అంటే పైసలు కట్టుకోవాలె."

సనత్ నగర్ల ఈఎస్ఐ దవఖాన పెద్దదే, మంచిదే. కాని ఈఎస్ఐ అక్కెర లేని మనిషిని అక్కడికి పంపితే ఏమైతది? రికార్డు చూసి నీకు అర్హత లేదంటరు, అది వాళ్ల రూలు. స్టెంట్ ఏయాల్సిన మనిషిని అంబులెన్సుల ఏసుకొని రెండు దవఖానల నడుమ తిరుగుడే అయితది. వదిన ఎక్కడికి పోలే. బావ దగ్గర మూడు రూపాయల మిత్తికి 40,000 తెప్పిచ్చి అడ్వాన్స్ కట్టి నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, పని మానేసి రెండేండ్లాయె, మాకు యాడి ఇన్సూరెన్స్?"

ఆ ప్రశ్నల్నే జవాబున్నది. ఈఎస్ఐ పోర్టల్ల కార్మికులు తమ నంబరుతోని లోపలికి పోయి చందా ఏ నెల దాంక పడ్డది, అక్కెర ఎప్పటి దాంక ఉన్నది చూసుకోవచ్చు. వాట్సాప్ల కాయితం ఫొటో తెప్పిచ్చుకొని నేను ప్రయత్నం చేసిన. ఓటీపీ ఎవలికి పోయిందనుకున్నరు? రికార్డుల ఉన్న ఫోన్ నంబరు యూనిట్ గుమాస్తాది! పనోడికి ఫోన్ లేదనో, అడుగుడు ఎందుకనో, అందరి పేర్ల మీద తన నంబరే ఏసుకున్నడు. ఆయనను బతిమిలాడి ఓటీపీ తీసుకునేసరికి సగం రోజు పోయింది. ఇది సదువుతున్నోళ్లల్ల ఎవరన్న ఫ్యాక్టరీల పనిజేస్తుంటే, మీ రికార్డుల మీ ఫోన్ నంబరు ఉన్నదో లేదో ఇయ్యాల్నే చూసుకోండ్రి.

లోపల చూస్తే ఆఖరి చందా 2022 ఫిబ్రవరిది. లెక్క ప్రకారం 2022 డిసెంబర్ 31 తోని ఈఎస్ఐ వైద్యం ముగిసింది. ఆ పేజీ ప్రింట్ తీపిచ్చి, కింద ఉన్నట్టు ఒక దరఖాస్తు రాపిచ్చిన:

"ఆరోగ్యమిత్ర గారికి. మా ఇంటాయన ఈఎస్ఐ నంబరు ఫలానా. 2022 ఫిబ్రవరిల పని మానేసిండు. ఆయనకు ఈఎస్ఐ కింద వైద్యం 2022 డిసెంబర్ 31 తోని ముగిసింది. చందా వివరాల ప్రింటు జతపరిచినం. ఇప్పుడు మాకు వేరే ఏ వైద్య పథకం లేదు. మా ఆహార భద్రత కార్డు మీద వైద్యం చేయించగలరు. కాదంటే, ఏ రూలు కింద కాదంటున్నరో ఇదే కాయితం మీద రాసి సంతకం చేసి ఇయ్యగలరు."

ఆఖరి వాక్యమే అసలు పని జేసింది. నోటితోని పొమ్మనుడు అల్కగ ఉంటది, రాసి సంతకం పెట్టుమంటే చెయ్యి ముంగటికి రాదు. అదే పొద్దు 104 కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చి, దాని నంబరు కాయితం మీద రాసుకున్నం. తెల్లారి అప్రూవల్ కు పంపిన్రు, మూడో నాడు స్టెంట్ పడ్డది. కట్టిన 40,000 ల 33,500 వారం తిరిగినంక వాపస్ వచ్చినయి. మిగిలినయి టెస్టులకని పట్టుకున్నరు, బిల్లులు మాత్రం ఇయ్యలే. బావకు మిత్తి ఇంక కడుతనే ఉన్నరు.

ఇండ్ల టైము సంగతి గట్టిగ పట్టుకోండ్రి. ఆరోగ్యశ్రీ పైసలు లేకుండ చేసే వైద్యం. ముందు మనం కట్టి, తర్వాత బిల్లులు పెట్టి తెచ్చుకునే పద్ధతి కాదు. ఆపరేషన్ అయిపోయి డిశ్చార్జ్ అయినంక "మాకు ఈఎస్ఐ లేకుండె" అని రుజువు చేసినా పైసలు వాపస్ వచ్చుడు కష్టం. కొట్లాట మంచం మీద ఉన్నప్పుడే నడవాలె. ప్రాణం మీదికొచ్చిన కేసైతే ఫోన్ మీదనే అప్రూవల్ తీసుకొని వైద్యం మొదలువెట్టే పద్ధతి ఆరోగ్యశ్రీల ఉన్నది. "ఎమర్జెన్సీ అప్రూవల్ అడగండ్రి" అని మీరే గుర్తుచెయ్యాలె.

డిశ్చార్జ్ అయినంక మనోళ్లు పట్టే తొవ్వ సీఎం రిలీఫ్ ఫండ్. బిల్లులు పట్టుకొని ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు పోతరు, కొన్ని నెలలకు చెక్కొస్తది, చెక్కు పట్టుకొని ఫొటో. ఆ చెక్కు తీసుకునేటోళ్లను నేనేమనను, అవసరం అట్లుంటది. కాని హక్కు కింద కౌంటర్ కాడ రావల్సింది దయ కింద వచ్చుడు నాకు మింగుడుపడదు. పైగ అయిన ఖర్చు మొత్తం రాదు.

కొందరు ఇంకో సలహా ఇస్తరు, "ఈఎస్ఐ నంబరు క్యాన్సల్ చేపిచ్చుకో, పీడ పోతది" అని. అస్సలు చెయ్యొద్దు. చందా నడుస్తున్నప్పుడు ఈఎస్ఐ శానా మేలు. ముఖ్యంగ రాయి పనోళ్లకు. బండలు కోసే, పాలిష్ పట్టే కాడ లేచే దుమ్ముతోని వచ్చే సిలికోసిస్ ఈఎస్ఐ చట్టంల పని వల్ల వచ్చే జబ్బుల లిస్టుల ఉన్నది. పని వల్లనే ఊపిరితిత్తులు పాడైనయని తేలితే వైద్యమే కాదు, నష్టపరిహారం కింద నెలనెల పైసలు సుత రావచ్చు. ఆరోగ్యశ్రీల అది లేదు. సిలికోసిస్ ను టీబీ అనుకొని ఏండ్ల తరబడి టీబీ గోలీలు మింగినోళ్లు రాయి పని ఉన్న ప్రతి దేశంల ఉన్నరు. దగ్గొస్తే డాక్టర్ తోని "నేను రాయి పని చేసిన" అని చెప్పుండ్రి. పాత నంబరు, పాత చందా రికార్డు అప్పుడు మీకు సాక్ష్యం అయితది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది, నిజంగ ఈఎస్ఐ నడుస్తున్నదా అని. నడుస్తుంటే దాని మీదనే పోవుడు మంచిది, ఆరోగ్యశ్రీ కోసం కొట్లాడి లాభం లేదు.

మీరు పని మానేసినంక కూడ మీ పేరు మీద చందా పడుతుంటే అది వేరే కథ. కాంట్రాక్టర్ ఇంకో మనిషిని మీ నంబరు మీద నడిపిస్తున్నడన్నట్టు. రికార్డు ప్రకారం మీరు ఇంక పనిల ఉన్నరు, ఈఎస్ఐ నడుస్తున్నది, ఆరోగ్యశ్రీ రాదు. అవతల దుమ్ముల నిలవడ్డ ఆ మనిషికేమన్న అయితే అతనికీ దిక్కుండదు. దీనికి ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుల రాతపూర్వకంగ ఫిర్యాదు ఇయ్యాలె, మీరు ఏ తారీఖున మానేసిన్రో రాసి. ఈఎస్ఐ టోల్ ఫ్రీ 1800-11-2526. దరఖాస్తు కాపీ మీద ముద్ర ఏపిచ్చుకుంటే, ఆ ముద్ర ఏసిన కాపీనే కౌంటర్ కాడ చూపెట్టొచ్చు.

సర్కారు నౌకరి పిల్లలున్న తల్లిదండ్రులకు ఈహెచ్ఎస్ విషయంల గిసొంటి చిక్కే వస్తది. కొడుకు కార్డుల తమ పేరున్నదని తల్లికి తెల్వది. పేరు నిజంగ ఉంటే ఆ కార్డు మీదనే వైద్యం అడగాలె. లేకుంటే లేదని రాపిచ్చుకోని రావాలె. ఎక్కువ చెప్పేటిదేం లేదు.

ఆరోగ్యశ్రీ కౌంటర్ కాడ మాట చెల్లకపోతే ఏం జెయ్యాలె? 104. అటెనుక జిల్లా ఆరోగ్యశ్రీ కోఆర్డినేటర్. సోమారం సోమారం వికారాబాద్ కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది, అక్కడ ఇచ్చిన దరఖాస్తుకు రశీదు నంబరు వస్తది. సమాచార హక్కు కింద 10 రూపాయలతోని దరఖాస్తు పెట్టి "మా కేసు ఏ కారణంతోని కాదన్నరు, దానికి ఆధారమైన కాయితం కాపీ ఇయ్యండ్రి" అని అడగొచ్చు. మామూలుగ 30 రోజులు. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలల్ల ఇయ్యాలని చట్టంల్నే ఉన్నది. దరఖాస్తు మీద ఆ మాట పెద్దక్షరాలతోని రాయండ్రి.

ఇగ ప్రైవేటు పాలసీల సంగతి. ఇది సదువుతున్నోళ్లల్ల శానామంది హైదరాబాద్ల కొలువుజేస్తున్నరు. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఒకటి, అమ్మనాయినల కోసం ఫోన్ యాప్ల కొన్నది ఇంకోటి. ఇక్కడ "వేరే బీమా ఉన్నది" అన్న మాట ఇంకో తీరుగ వస్తది.

మొదటిది, "మీ కంపెనీ పాలసీ ఉన్నది గదా, ముందు అక్కడ క్లెయిమ్ చెయ్యి" అనుడు. ఇది చెల్లదు. రెండు పాలసీలున్నోడు ఏదాంట్ల క్లెయిమ్ పెట్టాల్నో తనే ఎంచుకోవచ్చు, అది పాలసీదారుని హక్కు. ఒకదాంట్ల సరిపోకుంటే మిగిలింది రెండో దాంట్ల అడగొచ్చు. ఐఆర్డీఏఐ 2024 మే 29 నాడు తెచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, మనం ఎంచుకున్న కంపెనీయే మిగిలిన పైసల కోసం రెండో కంపెనీతోని మాట్లాడాలె. ఖర్చు లక్ష అయితే రెండు దిక్కుల రెండు లక్షలు తీసుకునుడు మాత్రం కుదరదు, అది న్యాయమే. అమెరికాల ఉన్న మన పిలగాండ్లను అడిగితే, అక్కడ గూడ "మీకు ఇంకో ఇన్సూరెన్స్ ఉన్నదా" అన్న ఫారం నింపి పంపేదాంక బిల్లు ఆపుతరని చెప్తరు. ఈ రోగం మన ఒక్క దిక్కుదే కాదు.

రెండోది ఇంక కష్టం. "మీకు ముందే వేరే పాలసీ ఉండె, మీరు దాచిపెట్టిన్రు" అని క్లెయిమ్ కొట్టేసుడు. వికారాబాద్ కాడి ఒక చెల్లె తన తండ్రికి పాలసీ తీసుకుంటే, కిడ్నీ ఆపరేషన్ క్లెయిమ్ ఇదే కారణంతోని పోయింది. తండ్రికి జిందగీల ఇంకో పాలసీ లేదు. ఎట్లొచ్చింది? పేరు మన దిక్కు ఊరికి నలుగురికి ఉండేది. పుట్టిన తారీఖు జనవరి 1. మన ఊర్లల్ల సగం మంది జనవరి 1 నాడే పుట్టిన్రు గదా! ఆధార్ తీసేటప్పుడు పుట్టిన కాయితం లేకుండ వయసు మాత్రమే చెప్తే, మిషిన్ జనవరి 1 ఏస్తది. పేరు అదే, తారీఖు అదే, జిల్లా అదే అయితే ఇంకో మనిషి పాలసీ వచ్చి ఈయన నెత్తి మీద పడ్డది.

చెల్లె కోపంతోని ఫోన్ల కొట్లాడలేదు. మెయిల్ రాసింది, రెండే ప్రశ్నలు. నా తండ్రికి ఉన్నదంటున్న పాలసీ నంబరెంత, అది ఏ కంపెనీది? కంపెనీ ఈ రెండు చెప్పక తప్పలే. ఎందుకంటే అదే 2024 సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ కాదంటే పాలసీల ఏ షరతు కింద కాదంటున్నరో వివరంగ చెప్పాలె, క్లెయిమ్ రివ్యూ కమిటీ ఒప్పుకోకుండ కొట్టేయొద్దు. నంబరు దొరికినంక రెండో కంపెనీకి రాసింది. "ఈ పాలసీ మనిషి మా నాయిన కాదు. ఆధార్ ఆఖరి నాలుగంకెలు, తండ్రి పేరు, ఊరు ఇవి. మీ రికార్డుతోని కలుస్తలేవని రాసియ్యండ్రి." వాళ్లు ఒక లైన్ మెయిల్ పంపిన్రు. ఆ లైన్ తోనే మొదటి కంపెనీ దారికొచ్చింది.

నిజంగ వేరే పాలసీ ఉండి చెప్పకపోతే? కోర్టులు రెండు తీర్లుగ చెప్పినయి. 2019 ఏప్రిల్ల సుప్రీంకోర్టు ముంగటికి ఒక జీవిత బీమా కేసొచ్చింది. రెండు నెలల ముందే ఇంకో కంపెనీల 11 లక్షల పాలసీ తీసుకున్న మనిషి, కొత్త ఫారంల వేరే పాలసీ లేదని రాసిండు. కోర్టు కంపెనీ దిక్కే నిలిచింది. 2025 ఫిబ్రవరి 25 నాటి ఇంకో కేసుల ఆ మనిషి 40 లక్షల పెద్ద పాలసీ ఉన్నదని చెప్పిండు, చిన్న చిన్న ఎల్ఐసీ పాలసీలు చెప్పలే. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీష్ చంద్ర శర్మ బెంచ్, పెద్దది తెలిసినంక చిన్నవి చెప్పలేదని కంపెనీ మోసపోయినట్టు కాదన్నది, పైసలు కట్టుమన్నది. రెండూ జీవిత బీమా కేసులే గని నేర్చుకునేది ఆరోగ్య బీమాకు గూడ పనికొస్తది. ఫారం నింపేటప్పుడు "వేరే పాలసీ ఉన్నదా" అన్న గడి ఏజెంట్ ను నింపనియ్యకండ్రి. ఏజెంట్ కు కమీషన్ కావాలె, "లేదు" అని కొట్టుకుంట పోతడు.

కంపెనీ ఇనకపోతే తొవ్వ ఇట్లుంటది. మొదలు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ కు రాయాలె, రెండు వారాలల్ల తేల్చాలె. తర్వాత ఐఆర్డీఏఐ బీమా భరోసా పోర్టల్, ఫోన్ 155255. నెల దాటినా జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా హైదరాబాద్ల బీమా అంబుడ్స్‌మన్ కు పోవచ్చు. ఏడాది లోపల పోవాలె. 50 లక్షల దాంక కేసులు చూస్తరు, ఫీజు లేదు, వకీలు అక్కెర లేదు, మూడు నెలలల్ల తీర్పియ్యాలె, తీర్పు కంపెనీ 30 రోజులల్ల అమలు చెయ్యాలె. దాంతోని సుత కాకుంటే వినియోగదారుల కమిషన్ ఉన్నది, దానికి గడువు రెండేండ్లు. ఒక ముచ్చట కలపకండ్రి, అంబుడ్స్‌మన్ బీమా కంపెనీల మీదికే. ఆరోగ్యశ్రీ ఫిర్యాదు అక్కడికి తీస్కపోతే వాపస్ పంపుతరు.

తాండూరు పాలిష్ యూనిట్లల్ల, మిల్లులల్ల, హైదరాబాద్ సెక్యూరిటీ ఏజెన్సీలల్ల కంప్యూటర్ కాడ కూసునే పిలగాండ్లకు ఒక మాట. నెలనెల ఈఎస్ఐ చందా ఎక్సెల్ షీట్ అప్‌లోడ్ చేసేది మీరే. అండ్ల ఆఖరికి రెండు గడులుంటయి. మనిషి ఆ నెల ఒక్క రోజు గూడ రాకుంటే కారణం నంబరు ఏసే గడి ఒకటి, ఆఖరి పని రోజు తారీఖు గడి ఇంకోటి. సేటు ఏదో ఒకటి ఏసి పంపు అంటడు, మీరు సున్నా కొట్టి పంపుతరు. సున్నా అంటే కారణం లేదని. పని మానేసినోడికి అక్కడ ఏయాల్సింది 2, పక్కన తారీఖు. ఈ నెల షీట్ పంపే ముందు, పోయిన యాడాది మానేసినోళ్ల పేర్లు ఒక్కసారి చూడుండ్రి.